పప్పు ఉడికిందని కొన్న ఇల్లు

మొన్నొక ఆదివారం ఏసు గుడి నుంచి తిరిగి రాగానే మా అమ్మాయి స్టెల్లా నన్ను కారెక్కించుకుని మోకిలకు తీసుకుపోయింది. అక్కడ ఫ్లాటు కొనే ఆలోచనలో ఉంది. నేనెరిగిన మోకిల జొన్నచేల మోకిల. ఇప్పుడు అక్కడ అద్దాల ఆఫీసు, వణుకు పుట్టించే ఏసీ, కాగితం గ్లాసుల్లో కాఫీ. కోటు వేసుకున్న ఒక చక్కటి అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి ధర చెప్పింది. వినగానే నేను గుడ్లు తేలేశాను. స్టెల్లా నవ్వి, "అది ఉత్త ధరనే అమ్మా, అసలుది ఇంక రాలే, ఆగు" అంది. ఆ మాట నిజమే. కారు పెట్టుకునే జాగాకు వేరే, పై అంతస్తు అయినందుకు వేరే, క్లబ్బుహౌసుకు వేరే, పైన పన్ను, రిజిస్ట్రేషను, బ్యాంకు వడ్డీ, ఆ తర్వాత బతికున్నంత కాలం నెలనెలా మెయింటెనెన్సు. స్టెల్లా ఒక్కొక్కదాన్నీ పట్టుకుని నిలదీస్తుంటే కోటు అమ్మాయికి ఆ చలిలోనూ చెమట పట్టింది. నా కడుపు చల్లబడింది. నా బిడ్డను ఎవరూ బోల్తా కొట్టించలేరు. తిరిగి వచ్చేటప్పుడు, "ఏందమ్మా, నువ్వొక్క మాట గూడ అడగలే?" అంది. "నేను అడిగేదానికి ఆ పిల్ల కాడ జవాబుండది" అన్నాను. అదేమిటో చెప్పమని ఇంటిదాకా నన్ను సతాయించింది. చెప్పాలంటే చేవెళ్లలో మేము కొన్న మొదటి ఇంటి సంగతంతా చెప్పాలి. కారులో అది తెగేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అది అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం కొట్లాట నడుస్తున్న కాలం. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు ఆగేవి, మొయినాబాదు రోడ్డు మీద కుర్రవాళ్లు గుంపులుగా నిలబడి జై తెలంగాణ అని అరుస్తుంటే మేమూ అరుగుల మీద నుంచి గొంతు కలిపేవాళ్లం. మేము చేవెళ్లలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా బాపు దానియేలు టైలరు. ముందుగదిలో మిషన్, వెనకగదిలో మా కాపురం. ఇల్లంతా కొత్త ఖాకీ గుడ్డ గంజి వాసన, ఇస్త్రీ పెట్టెలో కణకణలాడే బొగ్గుల వాసన. అమ్మ దవాఖానలో ఆయా. తెలవారక ముందే వెళ్లి, ఫినాయిలు వాసన వేసే చేతులతో పొద్దుగూకే వేళకు వచ్చేది. ఆ చేతులతో కలిపిన అన్నం కూడా నాకు కొద్దిగా ఫినాయిలు వాసన వేస్తుందని నేను ముక్కు చిట్లిస్తే, "ఆ వాసనతోనే బతుకుతున్నం, తిను" అనేది. ఇంట్లో మిగిలినవాళ్లం అవ్వా, నేనూ. అవ్వ అంటే బాపును కన్న తల్లి. బాపు అవ్వా అంటాడు కనుక నేనూ అవ్వా అనేదాన్ని. మోకాళ్లు పట్టుకుపోయాయని మూలుగుతూనే ఇల్లంతా తిరిగేది. పొద్దున్నే దేవుడికి చెవుడున్నట్టు పెద్దగా ప్రార్థన చేసేది, అందులో నా చదువు, బాపు మిషన్ సూది, పక్కింటావిడ నోరు, అన్నీ వచ్చేవి. దేవుడి కంటే ముందు పక్కింటావిడకే వినబడేది.

ఆ ఏడు ఇంటి ఆసామి కొడుకు పెళ్లి పెట్టుకుని మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. బాపుకు పౌరుషం వచ్చింది. "ఇగ కిరాయి బతుకు వద్దు, సొంతిల్లు కొందాం" అన్నాడు. మా తాతలు ముత్తాతలు ఎవరూ సొంతంగా ఇల్లు కొన్నవాళ్లు కాదు. వేరేవాళ్లు చూపించిన జాగాలో గుడిసె వేసుకుని, పొమ్మంటే పోయినవాళ్లు. కనుక ఆ మాట బాపు నోట్లోంచి రాగానే అమ్మ చేతిలో పని ఆపి అట్లాగే నిలబడిపోయింది. ఊరి చివర, మొయినాబాదు పోయే రోడ్డు పక్కన, మల్లయ్య అనే రైతు ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసింది. రెండు గదుల పెంకుటిల్లు, మంచి అరుగు, దొడ్లో గిరక బావి. ధర బాపు అనుకున్నదానికంటే చాలా తక్కువ. బాపు సంబరానికి హద్దు లేదు. బయానా ఇచ్చేస్తానని బయలుదేరబోతుంటే అవ్వ గడపకు అడ్డం నిలబడింది.

అవ్వకొక పట్టింపు ఉండేది. ఏ ఇంట్లోకి దిగాలన్నా ముందు అక్కడ ఒక పూట వండుకుని తిని, కాసేపు పడుకుని లేవాల్సిందే. కిరాయి ఇళ్లకు కూడా ఇదే తంతు. బియ్యం, పప్పు, కట్టెలు, కుండలు అన్నీ మూటగట్టుకుని పోయేది. ఇంటివాళ్లు నవ్వినా, విసుక్కున్నా ఆమెకు లెక్కలేదు. ఒక ఇంట్లో పొగ మళ్లీ మొహానికే కొడుతోందని వద్దంది. మరో ఇంట్లో మధ్యాహ్నం కునుకు తీస్తుంటే గోడవతల మొగుడు పెళ్లాన్ని తిట్టే తిట్లు వినబడ్డాయని మూట సర్దింది. ఎప్పుడూ కందిపప్పే వండేది. కందిపప్పు మెత్తగా ఉడికితే నీళ్లు మంచివి, ఉడక్కపోతే ఉప్పునీళ్లు, ఆ ఇంట్లో బతకలేం, అంతే. "ధర ఇంటోడు చెప్తడు. ఇల్లెట్లుంటదో పొయ్యి చెప్తది. జర ఆగు కొడుకా, ఒక్క పూట" అని బాపును ఆపింది. బాపు నెత్తి కొట్టుకుని, ఆగాడు.

అవ్వా నేనూ మూటలెత్తుకుని మల్లయ్య ఇంటికి వెళ్లాం. మల్లయ్య భార్య యాదమ్మ మా కోసం ఇల్లు అలికి, ముగ్గేసి, వంటింట్లో పెద్ద ఇత్తడి బిందె తోమి నీళ్లు నింపి పెట్టింది. అవ్వ దొడ్లో బావి దగ్గరికి పోయి చేంతాడు అందుకోబోతే యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అవ్వా, మా ఇంటికొచ్చి నువ్వు నీళ్లు చేదుకుంటవా? లోపల బిందె నిండుగ పెట్టిన. తీస్కో, నీ చేతులతోనే ముంచుకో" అంది. అవ్వ ఆమె మొహం వంక చూసి, చేంతాడు వదిలేసింది. ఎందుకు వదిలేసిందో ఈ కాలం పిల్లలకు చెబితే తప్ప అర్థం కాదు. మా అవ్వ పుట్టిన ఊళ్లో మావాళ్లు ఊరి బావి ముట్టకూడదు. ఎవరైనా పైనుంచి దోసిట్లో పోస్తే వంగి తాగాలి. అట్లా తాగి తాగి పెద్దదైన మనిషికి ఒక రైతింటి ఆడది, నా బిందెలో నీ చెయ్యి పెట్టి ముంచుకో అంటే, ఆ మనిషి ఇంకేం పరీక్ష చేస్తుంది? కళ్లు తుడుచుకుని చెంబు ముంచింది. పొయ్యి చక్కగా అంటుకుంది. పొగ పైకి పోయింది. పప్పు వెన్నలా ఉడికింది. చింతపండు పిండి, ఎండుమిరపకాయ తాలింపు పెడితే ఆ వాసనకు యాదమ్మ కూడా మాతో పాటు కూర్చుంది. తిని, అవ్వ అరుగు మీద కునుకు తీసి, లేచి, "కొను" అంది.

బాపు కొన్నాడు. అమ్మ చెవుల కమ్మలు పోయాయి, బాపు దాచుకున్నదంతా పోయింది, ఇంకా కొంత మల్లయ్యకు నెలనెలా ఇచ్చే ఒప్పందం. ఇంట్లో దిగిన రోజు గుడి అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించాం. యాదమ్మను కూడా పిలిచాం. వచ్చినవాళ్లందరికీ భోజనం. ఆ రోజు దొడ్లో బావి నీళ్లతోనే, మా బావి నీళ్లని మురిసిపోతూ, అవ్వ ఎసరు పెట్టింది. అన్నం అయింది. కూర అయింది. పప్పు కాలేదు. అయ్యగారు రెండో ప్రార్థన కూడా చేశాడు. పప్పు కాలేదు. అవ్వ కట్టెలు పచ్చివని తిట్టింది, పప్పు పాతదని దుకాణపాయనను తిట్టింది, నేను సరిగా ఊదలేదని నన్ను తిట్టింది. గింజలు రాళ్లలా కుండలో గలగలమంటూ తిరుగుతూనే ఉన్నాయి. చివరికి బావి దగ్గరికి పోయి ఒక బొక్కెన చేది, దోసిట్లో పోసుకుని తాగి, తుపుక్కున ఉమ్మేసింది.

"గివి ఉప్పునీళ్లు గదనే యాదమ్మా!" అంది.

యాదమ్మ ఏమాత్రం తడబడలేదు. "అవునవ్వా. గీ బాయి నీళ్లు బట్టలకు, బర్లకే. తాగనీకె, వండనీకె మా మరిది చేను కాడి బాయి నుంచే తెస్తం" అంది.

"మరి ఆ రోజు బిందెల పోసినవి?"

"అవే. ఇంటికొచ్చినోళ్లకు మంచినీళ్లు పెట్టనా మరి?"

"చెప్పకపోతివి గదనే!"

యాదమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీళ్లు మోసుడు గూడ ఒక చెప్పే ముచ్చటనా అవ్వా? పెండ్లయిన కాడి నుంచి మోస్తున్న. నడుము పడిపోయింది. అందుకే గద, ఆ చేను బాయి కాడనే ఇల్లు కట్టుకుని పోయినం."

ఆమె మమ్మల్ని మోసం చేయలేదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది గానీ, ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆమెను మోసగత్తె అనుకోలేదు. తన నెత్తి మీద మోసినదానికి ఒక ఖరీదు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. మల్లయ్యకు తెలుసో లేదో నాకు తెలియదు. అవ్వ మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు. "నా ముసలి కండ్లల్ల దుమ్ము వడ, బిందె చూసి మురిసిన" అని గోడకు చేరగిలబడింది.

ఇక నీళ్లెవరు తేవాలి? అమ్మ చీకటితోనే దవాఖానకు పోతుంది. అవ్వ మోకాళ్లు నాలుగు అడుగులు వేస్తే పట్టుకుపోతాయి. కూలి ఇచ్చి తెప్పించుకుందామంటే బందులతో బాపు దుకాణం వారంలో సగం రోజులు తెరవడమే లేదు, బడులే లేనప్పుడు బడి బట్టలు కుట్టించుకునేవాళ్లు ఎవరు? కాబట్టి నేను తెచ్చాను. ఎవరూ నాతో తెమ్మని కూడా అనలేదు. బిందె తీసి నా చేతికిచ్చారు. యాదమ్మ ఇంటి బావి చాలా దూరం, చేల గట్ల మీదుగా నడవాలి. నెత్తిన చుట్టబట్ట, దాని మీద బిందె, చంకలో ఇంకో చిన్న బిందె. మొదట్లో నాకు భలే గర్వంగా ఉండేది. సొంతింటికి సొంతంగా నీళ్లు! యాదమ్మ నాకు రోజూ ఒక జొన్నరొట్టె ముక్క పెట్టేది. బడి లేదు కనుక పొద్దెక్కేదాకా పోయి రావడం, పోయి రావడం, అదే ఆటగా ఉండేది. ఆ ఇంటికి మేము ఇంకా ఏదో కడుతున్నామని నాకే కాదు, ఎవరికీ తెలియలేదు.

తర్వాత బడి తెరిచారు. నాకు చదువంటే ప్రాణం. దాచుకునేదేముంది, మా తరగతిలో నాకంటే బాగా లెక్కలు చేసేవాళ్లు లేరు, ఆ సంగతి నాకూ తెలుసు, మా టీచరుకూ తెలుసు. కానీ నీళ్లు తెచ్చి, తల దువ్వుకుని ఉరికేసరికి రెండో పీరియడు నడుస్తుండేది. గుమ్మం బయట నిలబెట్టేవారు. అట్లా కొన్నాళ్లు నిలబడ్డాను. ఆ తర్వాత సిగ్గుతో పోవడం మానేశాను. ఇంట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. ఒక సాయంత్రం బాపు కాజాలు కుడుతూ, తల ఎత్తకుండా, "ఒక్క ఏడు ఆగనీ తీ. కొట్లాటల ఎట్లయినా ఏడు పోయిందాయె. ఆడపిల్ల, ఫికరేముంది" అన్నాడు. ఒక్క ఏడు ఆగిన ఆడపిల్లలను మా వీధిలోనే చాలామందిని చూశాను. వాళ్లలో ఒక్కతె కూడా మళ్లీ పలక పట్టలేదు. దొడ్లోకి పోయి ఏడ్చాను.

అవ్వ వదల్లేదు. గోడకు ఆనుకుని ఉన్నదల్లా లేచి కూర్చుంది. "దానేలూ, ఇల్లు పాసు చేసింది నేను. తప్పు నాది. నా తప్పుకు పోరి చదువెందుకు కట్టాలె?" అంది. బాపుకు కోపం వచ్చింది. ఇల్లు అమ్మి మళ్లీ కిరాయి కొంపకు పొమ్మంటావా, ఇంతమందిలో నా పరువేం కావాలి అని అరిచాడు. అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ఇద్దరి వంకా చూస్తోంది. అవ్వ గొంతు పెంచలేదు. "అమ్మమంటలే. ఒక్క పూట మోసి చూడు. ఇంట్ల వండకుంట నేను కొనొద్దంటి గద. గట్లనే, మోయకుంట నువ్వు దాన్ని ఆగుమనొద్దు. ఒక్క పూట మోసి వచ్చి, అప్పుడు చెప్పు దానికి బడి వద్దని" అంది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూశాడు బాపు. నిజానికి మగవాడు నీళ్లు మోయవచ్చుననే ఆలోచన అప్పటిదాకా మాలో ఎవరికీ రాలేదు. అవ్వకు కూడా ఆ నిమిషానికే వచ్చినట్టుంది. అన్నాక తనే ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మర్నాడు బాపు ఎక్కడినుంచో ఒక కావడి బద్ద తెచ్చాడు. తల గుడ్డ మొహం మీదికి లాక్కుని, మసక చీకట్లోనే పోయాడు, ఎవరూ చూడకూడదని. మొదటిసారి వచ్చేసరికే తెల్లవారిపోయింది. బిందెల్లో సగం నీళ్లు దారిలో ఒలికిపోయాయి. మళ్లీ పోయాడు. ఆఖరిసారి వచ్చి, బిందెలు దించి, అరుగు మీద కూర్చుని చొక్కా విప్పితే భుజం తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. అవ్వ పసుపు నూరి పెట్టింది. బాపు నన్ను పిలుస్తాడని, ఏదో చెబుతాడని చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. బాపు లేచి మిషన్ ముందు కూర్చుని, కత్తిరించగా మిగిలిన ముక్కగుడ్డలన్నీ కుక్కి, ఖాకీ గుడ్డతో ఒక మందపాటి దిండు కుట్టడం మొదలుపెట్టాడు. పూర్తయ్యాక భుజం మీద పెట్టుకుని, అటూ ఇటూ కదిలించి చూసుకుని, కింద రెండు నాడాలు వేసి గట్టిగా కుట్టాడు. ఒక్క పూటకు ఎవరూ అంత గట్టి కుట్టు వేయరు.

స్టెల్లాకు చెప్పవలసింది ఇదే. ఈ కాలంలో నీళ్లు పైపుల్లో పదో అంతస్తుకు ఎక్కుతాయి. ఆ సుఖం చిన్నది కాదు, నేను ఆనాటి బతుకు గొప్పదని ఎన్నడూ అనను, ఆ బిందె మోసిన మెడ నాది. నా బిడ్డ అన్నీ అడిగి, కూడి, ఇంతవుతుందని తేల్చుకుంది. నాకు గర్వంగానే ఉంది. కానీ ఏ ఇంటి ఖరీదులోనైనా కాగితం మీదకు రానిది ఒకటి ఉంటుంది. ఆ ఇల్లు నడవడానికి ఇంట్లో ఎవరో ఒకరి పొద్దులు పోతాయి. అవి ఎవరివి అన్నది నా ప్రశ్న. మోకిల నుంచి ఆఫీసుకు పోయి వచ్చేది ఎవరు, బ్యాంకుకు కట్టడానికి ఇష్టం లేని ఉద్యోగంలో ఎవరు కూర్చోవాలి, స్టెల్లా బిడ్డ బడి మార్చితే దాని దోస్తులు ఏమవుతారు, ఇవి కోటు అమ్మాయి చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. స్టెల్లా వాళ్లే ఇంట్లో కూర్చుని ఒకరినొకరు అడగాలి. అడిగి, కట్టేవాళ్లు ఎవరో ముందే పేరు పెట్టుకుంటే, నిక్షేపంగా కొనుక్కోవచ్చు. మేము ఆ ఇంట్లో ఎంతో సుఖంగా బతికాం. నేను టీచరునయ్యాక కూడా చాలా ఏళ్లు ఆ ఇంటి నుంచే బడికి పోయాను.

బాపు దిండు కుట్టుకున్న మరుసటి పొద్దున నేను జడ వేసుకుని, పుస్తకాలు ఛాతీకి పట్టుకుని రోడ్డెక్కాను. ఎండ వచ్చేసింది. చాయ్ హోటల్ ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఎదురుగా బాపు కావడి భుజాన వేసుకుని వస్తున్నాడు. తల గుడ్డ మొహం మీద లేదు, నడుముకు కట్టుకున్నాడు. హోటల్ నడిపే సాయన్న బాపుకు చిన్ననాటి దోస్తు. చాయ్ గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి అందరికీ వినబడేట్టు, "ఏందిరా దానేలూ, ఇంట్ల ఎదిగిన ఆడపిల్లుండంగ నువ్వు నీళ్లు మోసుడేంది? ఇజ్జత్ తీస్తున్నవ్ గదరా మొగోళ్లది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆగిపోయాను. బాపు ఇప్పుడు నన్ను చూసి, కావడి దించి, ఇదిగో నువ్వు తీసుకుపో అంటే నేను తీసుకుపోయేదాన్నే. బాపు నన్ను చూశాడు. కావడి దించలేదు. ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఇల్లు కొన్న గద సాయన్నా" అన్నాడు. "దాని ఖరీదు ఇంక కడుతున్న."

తర్వాత నా వైపు తిరిగి, "నిలవడ్డవేందే? గంట కొడుతున్నరు, ఉరుకు" అన్నాడు.

నేను ఉరికాను.